విక్టోరియా కాలపు పల్లె నవలలు వినదలచినవారికి: ఏది ముందు, ఎలా వినాలి

రోజూ తెనాలి నుంచి విజయవాడకు రైలులో ఉద్యోగానికి వెళ్లి వస్తానని, ఆ ప్రయాణంలో కుటుంబాల గురించి, పల్లెల గురించి రాసిన విక్టోరియా కాలపు ఇంగ్లీషు నవలలు వినాలని కోరికగా ఉందని, కానీ ‘మిడిల్‌మార్చ్’ మొదలుపెట్టి మూడో అధ్యాయం దాటలేకపోయానని మీరు రాశారు. పుస్తకంలో చూస్తే అర్థమయ్యే వాక్యమే చెవిన పడితే ఎందుకు జారిపోతోంది, ఏ నవలతో మొదలుపెడితే మంచిది, డబ్బు పెట్టకుండా ఎక్కడ దొరుకుతాయి అన్నవి మీ ప్రశ్నలు. నేను డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు పాఠం చెప్పినవాడిని. ఎనిమిదేళ్ల క్రితం కంటిజబ్బు వచ్చి సన్నక్షరాలు చదవడం మానుకోవలసి వచ్చినప్పటి నుంచి ఈ నవలలన్నీ నాకు చెవి ద్వారానే అందుతున్నాయి. కనుక పాఠం చెప్పినవాడిగా కంటే విన్నవాడిగా ఈ జవాబు రాస్తున్నాను.

లోపం మీ చెవిలో లేదు, మీరు ఎంచుకున్న వరుసలో ఉంది. జార్జ్ ఇలియట్ ‘మిడిల్‌మార్చ్’ 1871, 1872 సంవత్సరాల్లో ఎనిమిది భాగాలుగా వెలువడింది. మొత్తం 86 అధ్యాయాలు, వాటికి ముందొక ప్రవేశిక, చివర ఒక ముగింపు. ఏమీ తగ్గించకుండా చదివిన రికార్డింగు ముప్పై గంటలు దాటుతుంది. పైగా ప్రవేశికలో కథ అడుగైనా కదలకుండానే స్పెయిన్ దేశపు సాధ్వి తెరెసా గురించిన ఆలోచన ఒకటి సాగుతుంది. సరళీస్వరాలు పాడకుండా పంచరత్న కృతి ఎత్తుకున్నవారికి గొంతు పట్టేసినట్టే, ఈ నవలతో మొదలుపెట్టినవారికి చెవి పట్టేస్తుంది. అందులో ఆశ్చర్యం లేదు.

నిజానికి ఈ నవలల్లో చాలావాటి జీవితం చెవిలోనే మొదలైంది. ఆ కాలంలో కొత్త నవల మామూలుగా మూడు సంపుటాలుగా వచ్చేది, వెల 31 షిల్లింగుల 6 పెన్నీలు. మధ్యతరగతి ఇల్లు కొనుక్కోగల ధర కాదది. అందుచేత మ్యూడీ వంటి అద్దె గ్రంథాలయాలకు ఏడాదికి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు, చందా కట్టి ఒక్కొక్క సంపుటం తెచ్చుకునేవారు, లేకపోతే పత్రికల్లో ధారావాహికగా చదివేవారు. ఇంటికి ప్రతి ఒకటే, వినేవాళ్లు నలుగురైదుగురు. సాయంత్రం దీపం దగ్గర ఒకరు పైకి చదువుతుంటే మిగిలినవారు కుట్టుపనో అల్లికపనో చేసుకుంటూ వినడం ఆ ఇళ్లలో మామూలు అలవాటు. అరుగు మీద ఒకరు భారతం చదువుతుంటే చుట్టూ కూర్చున్నవారు విన్న రోజులు తెలిసిన మనకు ఇదేమీ కొత్త సంగతి కాదు. రచయితలకూ ఈ సంగతి తెలుసు. ఎలిజబెత్ గాస్కెల్ ‘వైవ్స్ అండ్ డాటర్స్’ ఎత్తుగడ చూడండి: ఒక దేశంలో ఒక జిల్లా, ఆ జిల్లాలో ఒక ఊరు, ఆ ఊళ్లో ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒక గది, ఆ గదిలో ఒక మంచం, ఆ మంచం మీద ఒక చిన్న పిల్ల. మన ఏడు చేపల కథలాగా ఒకదాని కొసను ఇంకొకటి పట్టుకుని నడుస్తుంది. కంటితో చదివేవారు ఈ వాక్యాన్ని ఒక్క చూపులో దాటేస్తారు. చెవితో వినేవారు మాత్రం ఆ పిల్ల మంచం దాకా మెట్టు మెట్టుగా వెళ్లి తీరాలి.

ఇక జారిపోవడానికి నాకు కనిపించిన కారణాలు రెండు. మొదటిది వాక్య నిర్మాణం. తెలుగు వినే చెవి క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగుతుంది, అసలు సంగతి అక్కడే ఉంటుందని దానికి చిన్నప్పటి నుంచి తెలుసు. ఇలియట్ వాక్యంలో తరచుగా అసలు సంగతి ముందే పడిపోతుంది, తరువాత వచ్చేవి దానికి మినహాయింపులు, ఎత్తిపొడుపులు, ఉపమానాలు. మనం చివరి కోసం ఎదురుచూస్తూ మొదలును వదిలేస్తాము. ఇది తెలిసిన తరువాత వాక్యం మొదటి పది మాటల మీద మనసు పెట్టి, తోకను తేలికగా తీసుకోవడం నేను అలవాటు చేసుకున్నాను. నెల రోజుల్లో తేడా కనిపించింది.

రెండో కారణం పేర్లు. పుస్తకంలో పేరు మరచిపోతే పేజీ వెనక్కి తిప్పుతాము, చెవికి ఆ సదుపాయం తక్కువ. ఆ సమాజంలో పిలుపుకు ఒక కట్టుబాటు ఉంది. పెళ్లికాని అక్కచెల్లెళ్లలో పెద్దామెను ఇంటిపేరుతో మాత్రమే ‘మిస్ బ్రూక్’ అంటారు, చిన్నామెను పేరు పెట్టి ‘మిస్ సీలియా’ అంటారు. పెద్దామె పెళ్లయితే భర్త ఇంటిపేరుకు మారిపోతుంది. అందువల్ల ‘మిడిల్‌మార్చ్’లో డొరొథియా, మిస్ బ్రూక్, మిసెస్ కసాబన్, చెల్లెలు ముద్దుగా పిలిచే డోడో అందరూ ఒక్క మనిషే. ‘వైవ్స్ అండ్ డాటర్స్’లోని సవతితల్లి కూడా అంతే: పెద్దింటివాళ్లకు క్లేర్, ఊరికి మిసెస్ కర్క్‌పాట్రిక్, పెళ్లయ్యాక మిసెస్ గిబ్సన్, ఆమె అసలు పేరు హయసింత్. మొదటి రెండు మూడు అధ్యాయాలు వింటున్నప్పుడు ఒక కాగితం మీద ఎవరు ఎవరికి ఏమవుతారో, వారిని ఎవరెవరు ఏమని పిలుస్తారో రాసుకోండి. రైలులో రాయడం కుదరకపోతే ముందురోజు రాత్రి ఇంట్లో ఆ అధ్యాయాలు విని రాసుకోండి.

ఇప్పుడు వరుస చెబుతాను. మొదట గాస్కెల్ ‘క్రాన్‌ఫర్డ్’. చెషైర్ ప్రాంతంలో ఆమె పెరిగిన నట్స్‌ఫర్డ్ ఊరే దీనికి మూలం. డికెన్స్ నడిపిన ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’ పత్రికలో 1851 డిసెంబరు నుంచి విడివిడి కథలుగా వచ్చి, 1853లో పుస్తకమైంది. 16 అధ్యాయాలే, రికార్డింగు ఏడు గంటలకు అటూ ఇటూ ఉంటుంది. పెళ్లికాని ఆడవాళ్లు, వితంతువులు పెత్తనం చేసే ఊరు అది. పేదరికం ఉన్నా దాన్ని పైకి అనకుండా, పొదుపునే మర్యాదగా నడిపిస్తారు. మిస్ మాటీ ఇంట్లో రెండు కొవ్వొత్తులు ఉంటాయి కానీ ఒకసారికి ఒకటే వెలుగుతుంది, ఎవరైనా వస్తే రెండూ వెలిగించినట్టు కనిపించాలి కనుక రెండూ సమానమైన ఎత్తులో ఉండేలా మార్చి మార్చి వెలిగిస్తారు. సున్నపు గుంటలో పడి వెంట్రుకలన్నీ ఊడిపోయిన ఆవుకు ఉన్ని బట్టలు తొడగండని కెప్టెన్ బ్రౌన్ పరిహాసానికి చెబితే, యజమానురాలు దాన్ని నిజమనుకుని కుట్టించి తొడుగుతుంది. తరువాత ఊరంతా ఆ ఆవు బూడిదరంగు బట్టల్లో మేతకు వెళ్లడం చూస్తుంది. కథ చెప్పే మేరీ స్మిత్ పక్కింటి మనిషి కబురు చెప్పినట్టే చెబుతుంది, తన పేరు కూడా పుస్తకం చివరి భాగం దాకా బయటపెట్టదు. గొంతుకు ఇంత సులువుగా ఒదిగే నవల ఆ కాలంలో నాకు మరొకటి కనపడలేదు.

ఇందులోనే ఒక చిన్న సంగతి. డికెన్స్ ‘పిక్‌విక్’ భాగం చదువుకుంటూ రైలు కోసం వేచి ఉన్న కెప్టెన్ బ్రౌన్, పట్టాల మీదికి వచ్చిన పసిబిడ్డను కాపాడి తాను రైలు కింద పడి చనిపోతాడు. పత్రికలో వేసేటప్పుడు సంపాదకుడైన డికెన్స్ తన పుస్తకం పేరు తీసేసి కవి హుడ్ పేరు పెట్టాడు, పుస్తకంగా వచ్చినప్పుడు గాస్కెల్ మళ్లీ ‘పిక్‌విక్’నే ఉంచింది. అలాగే చిన్నప్పుడు ఇల్లు వదిలి వెళ్లిన మాటీ తోబుట్టువు పీటర్ ఇండియాలో తేలతాడు, నీలిమందు తోటల యజమానిగా. ఆ ఊరి పేరు చుందెరబద్దాద్ అని గాస్కెల్ కల్పించింది. వినగానే మనవాళ్లకు నవ్వు వస్తుంది.

రెండోది ఇలియట్ ‘సైలస్ మార్నర్’, 1861. ఇదీ ఏడు గంటల ముచ్చటే. రావెలో అనే పల్లెలో ఒంటరిగా బతికే నేతగాడు, అతడు పోగుచేసిన బంగారు నాణేలు, అవి దొంగల పాలైన తరువాత అతని గుమ్మంలోకి నడిచి వచ్చిన పసిపిల్ల. కథ అందరికీ తెలిసినదే కావచ్చు, కానీ వినవలసింది ఆరో అధ్యాయం. రెయిన్‌బో అనే కల్లుదుకాణం వంటి చోట కసాయివాడు, లాడాలు కొట్టేవాడు, చర్చి గుమాస్తా మేసీ కూర్చుని మొదట ఒక ఆవు గురించి వాదించుకుంటారు. తరువాత మేసీ ఒక పాత పెళ్లి కథ చెబుతాడు. పెళ్లి జరిపించే పాదిరి పొరపాటున మాటలు తారుమారు చేసి, వరుణ్ణి భార్యగానూ వధువును భర్తగానూ ఒప్పుకుంటారా అని అడుగుతాడు. వాళ్లిద్దరూ ఒప్పుకుంటారు. ఆ తప్పు మేసీ ఒక్కడి చెవినే పడుతుంది. ఇక అతనికి బెంగ: పెళ్లి నిలవాలంటే మాట ముఖ్యమా, మనసులోని అర్థం ముఖ్యమా? పాదిరినే అడిగితే, రెండూ కావు, రిజిస్టరులో సంతకమే అసలు బంధం అని తేల్చేస్తాడు. పురోహితుడు మంత్రం తప్పితే లగ్నం నిలుస్తుందా అని మన పెద్దవాళ్లు కొట్టుకున్న వాదనకు ఇది అన్నగారు. ఈ అధ్యాయంలో మాండలికం అచ్చులో చూస్తే అపాస్ట్రఫీల ముళ్లపొద. మంచి చదువరి గొంతులో అది ఆరుగురు మనుషుల సంభాషణగా విడిపోతుంది. ప్రతి మాటా అర్థం కావాలని పట్టుబట్టవద్దు, ఎవరు ఎవరిని దెప్పుతున్నారో తెలిస్తే చాలు.

మూడోది కుటుంబ నవల కావాలన్నారు కనుక ఇలియట్‌దే ‘ద మిల్ ఆన్ ద ఫ్లాస్’, 1860. నా మట్టుకు నాకు ఇది విక్టోరియా కాలపు నవలలన్నిటిలోకీ మన ఇళ్లకు దగ్గరైన నవల. డాడ్సన్ ఇంటి ఆడపడుచులు నలుగురు. పెళ్లిళ్లయి నాలుగిళ్లకు వెళ్లినా, దుప్పటి ఉతకడం నుంచి మాంసం ఊరవేయడం దాకా ఏ పనైనా డాడ్సన్‌ల పద్ధతిలో చేస్తేనే పని. మా పుట్టింటి ఆవకాయ రుచే వేరు అనే మాట విన్నవారికి ఈ గర్వం గురించి వివరించనక్కరలేదు. మొదటి సంపుటంలో వాళ్లలో ఒకామె, మిసెస్ పుల్లెట్, తన కొత్త టోపీని చెల్లెలికి చూపించే ఘట్టం ఉంది. అందరూ గంభీరంగా మేడ మీదికి నడుస్తారు. ఆమె ఒక బీరువా తాళం తీస్తుంది. కానీ టోపీ అక్కడ లేదు, అక్కడ ఉన్నది ఇంకో గది తాళంచెవి. ఆ గదిలో కుర్చీలూ బల్లలూ తెల్లటి ముసుగులు కప్పుకుని చీకట్లో నిలబడి ఉంటాయి. కిటికీ తలుపు కొంచెం తెరిచి, ఇంకో బీరువా తాళం తీసి, గులాబీ రేకుల వాసన మధ్య పలచటి కాగితపు పొరలు ఒక్కొక్కటీ తొలగిస్తే అప్పుడు టోపీ. అంతా అయ్యాక ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటుంది: ఇంతలో బంధువుల్లో ఎవరైనా పోతే మైల పాటించాలి, ఈ టోపీ రెండోసారి పెట్టుకునే యోగం ఉంటుందో లేదో అని.

ఈ ఘట్టం నేను వింటూ ఒక్కొక్క వాక్యం తెలుగులో చెబుతుంటే, పక్కన చింతపండు పిక్కలు తీస్తున్న మా ఆవిడ చెయ్యి ఆపేసి, తన మేనత్త బీరువాలో తెల్లగుడ్డలో చుట్టిపెట్టిన కంచిపట్టుచీర గురించి చెప్పింది. ఆ మేనత్త ఆ చీర రెండుసార్లు కట్టిందట. కంటితో చదివినంత కాలం ఈ ఘట్టాన్ని నేను తరగతిలో వ్యంగ్యానికి ఉదాహరణగా చెప్పాను. తాళాలన్నీ ఒకటొకటిగా తెరుచుకునేంత సేపు చెవితో ఆగవలసి వచ్చినప్పుడే మిసెస్ పుల్లెట్ మీద నాకు జాలి కలిగింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇదే నవల నేను మొదటిసారి డబ్బు పెట్టి కొన్నప్పుడు, ఇదిగో టోపీ వస్తుంది చూడు అని మా ఆవిడకు ఊరించి చెప్పి కూర్చోబెట్టాను. టోపీ రాలేదు, కథ ముందుకు వెళ్లిపోయింది. తీరా చూస్తే అది సంక్షిప్త ప్రతి, ఆ మాట అమ్మినవారు ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో వేశారు. కనుక ‘అన్ఎబ్రిడ్జ్‌డ్’ అన్న మాట కనపడనిదే ఏదీ కొనవద్దు. మరో చోట యంత్రపు గొంతు చదివిన ప్రతి విన్నాను. ఆ నవలలోని సెయింట్ ఆగ్స్ అనే ఊరిని అది మొదటి నుంచి చివరిదాకా ‘స్ట్రీట్ ఆగ్స్’ అని చదివింది. వ్యంగ్యం మీద బతికే నవలలకు యంత్రపు గొంతు పనికిరాదు.

చర్చి ఉద్యోగాల సంగతి తెలియకపోతే ఆంథొనీ ట్రాలప్ అర్థం కాడేమో అని మీరు సందేహించారు. కొంచెం తెలిస్తే చాలు. గ్రామంలో పండిన పంటలో పదోవంతు చర్చికి చెందేది, 1836 చట్టంతో దాన్ని డబ్బు రూపంలోకి మార్చారు. ఆ పదోవంతు పూర్తిగా దక్కేవాడు రెక్టర్, అందులో చిన్న భాగం దక్కేవాడు వికార్, జీతానికి పని చేసేవాడు క్యూరేట్. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ఆడపిల్ల తండ్రి ముఖం ఎందుకు వెలిగిందో, ఎందుకు మాడిందో ఈ మూడు మాటలతో తెలిసిపోతుంది. ట్రాలప్‌లో మొదట ‘ద వార్డెన్’, 1855, వినండి. చిన్నది. ఒక ధర్మసత్రంలో 12 మంది ముసలివాళ్లకు తలా రోజుకు ఒక షిల్లింగు నాలుగు పెన్నీలు ముడుతుంది. లెక్క వేస్తే ఏడాదికి మనిషికి 24 పౌండ్ల చిల్లర, పన్నెండుగురికీ కలిపి సుమారు 292 పౌండ్లు. వారిని చూసుకునే వార్డెన్ హార్డింగ్‌కు ఏడాదికి 800 పౌండ్లు. ఈ తేడా పత్రికలకెక్కుతుంది. హార్డింగ్ చెడ్డవాడు కాదు, తన జేబులోంచి వాళ్లకు రోజుకు రెండేసి పెన్నీలు కలిపి ఇస్తాడు. మనసు కలత పడినప్పుడల్లా చేతిలో లేని సెల్లోను వాయిస్తున్నట్టు గాలిలో చేతులు ఆడిస్తాడు. దేవస్థానాల మాన్యాల గొడవలు చూసినవారికి ఈ కథ కొత్తగా ఉండదు. అది నచ్చితే అదే నవలల మాలలో రెండోదైన ‘బార్చెస్టర్ టవర్స్’, తరువాత ఆ మాలలో మిగిలిన నాలుగూ వరుసగా వినవచ్చు.

థామస్ హార్డీలో ‘టెస్’తో మొదలుపెట్టవద్దు, 1872 నాటి ‘అండర్ ద గ్రీన్‌వుడ్ ట్రీ’తో మొదలుపెట్టండి. కటిక చీకట్లో ఒక యువకుడు తోపు గుండా నడుస్తుంటాడు. ఏ చెట్టు ఏదో కంటికి కనపడదు, గాలికి ఒక్కొక్క చెట్టు చేసే చప్పుడును బట్టి ఇది దేవదారు, ఇది బీచ్ అని తెలుస్తుంది. ఎదురయ్యే మనుషులూ ముందు గొంతులుగానే వస్తారు. డార్సెట్‌లోని స్టిన్స్‌ఫర్డ్ చర్చిలో హార్డీ తాత, తండ్రి వాద్యగాళ్లు. అటువంటి పల్లె వాద్యబృందాన్ని తొలగించి ఆర్గన్ పెట్టడమే ఈ నవల కథ. చెవితో మొదలై చెవితో నడిచే నవలను కంటితో చదవడం నాకిప్పుడు వింతగా తోస్తుంది.

దొరికే చోట్లు. ఉచితంగా కావాలంటే లిబ్రివాక్స్. 2005లో మొదలైన ఈ సంస్థలో స్వచ్ఛంద చదువరులు కాపీహక్కు తీరిన పుస్తకాలు చదివి పెడతారు. నేను చెప్పిన నవలలన్నీ అక్కడ ఉన్నాయి, కొన్నింటికి రెండు మూడు ప్రతులు కూడా ఉన్నాయి. అయితే ఒక్కరే చదివిన ‘సోలో’ ప్రతిని ఎంచుకోండి; అధ్యాయానికి ఒక గొంతు మారే ప్రతిలో నిన్నటి అత్తగారు ఇవాళ ఇంకొకరిలా వినిపించి, ఇప్పుడే కుదురుకుంటున్న పేర్ల లెక్క చెడుతుంది. కొనగలిగితే ‘మిడిల్‌మార్చ్’కు జూలియెట్ స్టీవెన్‌సన్, ట్రాలప్‌కు తిమొతీ వెస్ట్ చదివినవి వెతకండి. మూలపాఠం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉంది. మొదటి అధ్యాయం మాత్రం పాఠం చూస్తూ వినండి, రెండో అధ్యాయం నుంచి మూసేయండి, లేకపోతే చెవి పని చేయడం మానేసి కంటికి అప్పజెబుతుంది. వేగం పెంచవద్దు. పదిహేను సెకన్లు వెనక్కి వెళ్లే బొత్తాన్ని సిగ్గుపడకుండా వాడండి.

‘వైవ్స్ అండ్ డాటర్స్’ విన్నప్పుడు చివర తికమకపడకండి. పత్రికలో ఇంకా వస్తుండగానే, 1865 నవంబరులో గాస్కెల్ హఠాత్తుగా చనిపోయింది. చివరి భాగంలో కథ ఎలా ముగియవలసి ఉందో సంపాదకుడు ఫ్రెడరిక్ గ్రీన్‌వుడ్ చెబుతాడు. రికార్డింగులో స్వరం ఒక్కసారిగా పొడిబారినట్టు అనిపిస్తే కారణం అదే.

తెలుగు నవల చదివినవారికి ఈ దారి పూర్తిగా పరాయిది కాదు. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1880లో పుస్తకంగా వచ్చినప్పుడు ఇంగ్లండులో విక్టోరియా రాణే ఉంది. దానికి ప్రేరణ గోల్డ్‌స్మిత్ రాసిన ఒక పల్లె పాదిరి కుటుంబ కథ, అది అంతకు వందేళ్లకు పైగా ముందుది. ధవళేశ్వరం ఒడ్డున మొదలయ్యే మన కుటుంబ కథను హచిన్‌సన్ 1887లో ఇంగ్లీషులోకి అనువదించి ఆ రుణం తిరిగి పంపాడు.

తెనాలి, విజయవాడల మధ్య ఒక వైపు ప్రయాణానికి ‘క్రాన్‌ఫర్డ్’ అధ్యాయం ఒకటి హాయిగా సరిపోతుంది. రోజుకు రెండు చొప్పున ఎనిమిది పనిదినాలు. ఆ తరువాత ‘సైలస్ మార్నర్’, టోపీ కథ, వార్డెన్ లెక్కలు అయ్యాక మళ్లీ ‘మిడిల్‌మార్చ్’కు రండి. ఈసారి ప్రవేశిక వదిలేసి నేరుగా మొదటి అధ్యాయం పెట్టండి. తల్లి పోయిన అక్కచెల్లెళ్లిద్దరు ఆమె నగల పెట్టె ముందు కూర్చుని ఉంటారు. నాకేమీ వద్దు, అన్నీ నువ్వే తీసుకో అంటుంది అక్క. అంతలో ఎండ పడి ఒక పచ్చరాయి ఉంగరం మెరుస్తుంది, ఆమె దాన్ని వేలికి తొడుక్కుంటుంది, ఇక తియ్యదు. చెల్లెలు చూస్తూ ఉంటుంది. ఈ ఘట్టం మీరు ఇదివరకే ఒకసారి విన్నారు. అప్పుడు మీ చెవి మిస్ బ్రూక్ ఎవరో తేల్చుకునే పనిలో ఉండిపోయింది.